ఈఎస్‌పీ32కి 5 వోల్టుల పరికరాలు కలిపేటప్పుడు ఏ వైరుకి లెవెల్ షిఫ్టర్ కావాలి, ఏ వైరుకి అక్కర్లేదు

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇది. ఇంటిమీది ట్యాంకులో నీటి మట్టం చూసి మోటారు నడిపే ప్రాజెక్టు చేస్తున్నారు. ఈఎస్‌పీ32 డెవ్ బోర్డు (3.3 వోల్టుల మీద నడిచే మైక్రోకంట్రోలర్), హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (ట్రిగర్ వైరుకి పల్సు ఇస్తే ఎకో వైరు మీద దూరం చెబుతుంది), వెనక ఐ2సీ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) బోర్డు ఉన్న 16×2 ఎల్‌సీడీ, మట్టం చూపించడానికి డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీ స్ట్రిప్, మోటారు కోసం 5 వోల్టుల రిలే బోర్డు. నాలుగు చానెళ్ల లెవెల్ షిఫ్టర్ (3.3, 5 వోల్టుల సిగ్నళ్లని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే) మాడ్యూళ్లు రెండు కొని అన్ని వైర్లనీ వాటి గుండా పంపారు. సెన్సర్, ఎల్‌సీడీ బాగున్నాయి. స్ట్రిప్ మాత్రం రంగులు తప్పుతోంది. షిఫ్టర్ తీసేసి నేరుగా కలిపితే లాప్‌టాప్ యూఎస్‌బీ మీద చక్కగా వెలుగుతోంది, స్ట్రిప్‌కి అడాప్టర్ ఇవ్వగానే మళ్లీ మొదటికొస్తోంది. ట్రిగర్ వైరు జీపీఐఓ12కి (బోర్డు మీది ఇన్‌పుట్/అవుట్‌పుట్ పిన్నుల్లో ఒకటి) తగిలించి ఉంటే బోర్డు బూట్ కావట్లేదు. రిలే ఇంకా కలపలేదు, దానికీ షిఫ్టర్ కావాలా అని అడిగారు. ఇంతలో ఎవరో "ఈఎస్‌పీ32 పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి, ఇవేవీ అక్కర్లేదు" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ దగ్గరున్న మాడ్యూలు ఎల్‌సీడీ రెండు వైర్లకి సరైనది, అక్కడ ఉంచండి. ఎకో వైరుకి రెండు రెసిస్టర్లు చాలు. ట్రిగర్‌కి ఏమీ అక్కర్లేదు, నేరుగా కలపండి, కానీ జీపీఐఓ12 నుంచి మార్చండి. స్ట్రిప్‌కి 74హెచ్‌సీటీ125 లాంటి బఫర్ చిప్ పెట్టండి. రిలేకి ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. ఇక ఈఎస్‌పీ32 5 వోల్టులు తట్టుకోదనుకునే సర్క్యూట్ గీయండి.

ఐదు రకాల వైర్లకి ఐదు రకాల జవాబులు ఎందుకంటే, "లెవెల్ షిఫ్టర్" అనేది ఒకే వస్తువు కాదు. ప్రతి వైరునీ విడిగా పట్టుకుని రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఇందులో పంపేది ఎవరు, అందుకునేది ఎవరు? రెండు, పంపినవాడి "హై" ("ఆన్" అని తెలిపే వోల్టేజీ) అందుకునేవాడికి నిజంగా హైగా కనిపిస్తుందా, కనిపించినా వాడి పిన్ను అంత వోల్టేజీని భరిస్తుందా? ఈ రెండూ డేటాషీటులో ఒక్క పేజీ చూస్తే తేలిపోతాయి.

ఉదాహరణకి పాత ఆర్డ్యూయినో ఉనోలోని ఏటీమెగా328పీ తీసుకోండి. అది సప్లైలో 0.6 వంతు దాటితే హై అనుకుంటుంది, అంటే 5 వోల్టుల మీద 3.0. ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 దానికి సరిపోతుంది, మార్జిన్ తక్కువే అయినా నిబంధన లోపలే ఉంది. అదే 74హెచ్‌సీ సిరీస్ చిప్ అయితే 5 వోల్టుల మీద 3.5 అడుగుతుంది. 3.3 చాలదు. 74హెచ్‌సీటీ అయితే 2.0 చాలంటుంది. మూడూ "5 వోల్టుల" సరుకే. అందుకే "5 వోల్టుల పరికరానికి షిఫ్టర్ కావాలా" అని అడిగితే సమాధానం ఉండదు, ఏ పరికరమో చెప్పాలి.

స్ట్రిప్ సంగతి

మీ ప్రశ్నలో నాకు ఆసక్తి కలిగించింది ఇదే, ఎందుకంటే షిఫ్టర్ ఉన్నా పాడే, లేకపోయినా పాడే. రెండింటికీ కారణాలు వేరు.

ముందు షిఫ్టర్ లేకుండా కలిపినప్పటి సంగతి. డబ్ల్యూఎస్2812బీ డేటాషీటు ప్రకారం డేటా లైను హై అనిపించుకోవాలంటే స్ట్రిప్ సప్లైలో 0.7 వంతు ఉండాలి. యూఎస్‌బీ నుంచి పవర్ తీసుకున్నప్పుడు కేబుల్లో కొంత పోతుంది, చాలా డెవ్ బోర్డుల మీద యూఎస్‌బీకీ 5 వోల్టుల పిన్నుకీ మధ్య షాట్‌కీ డయోడ్ ఒకటి ఉంటుంది, అందులో కొంత పోతుంది. స్ట్రిప్ దగ్గరికి చేరేది 4.6 వోల్టులు అనుకోండి. అందులో 0.7 వంతు 3.22. మీ 3.3 ఆ గీతని అలా అలా దాటేస్తుంది. అడాప్టర్ మామూలుగా 5.1, 5.2 ఇస్తుంది. 5.2కి గీత 3.64. ఇప్పుడు 3.3 దాటదు. పవర్ పెంచితే సిగ్నల్ బలహీనపడినట్టు కనిపించేది ఇందుకే. మీ కోడ్‌లో తప్పేమీ లేదు.

అయితే 0.7 వంతు అన్నది తయారీదారు ఇచ్చే హామీ. చిప్ నిజంగా మారే చోటు ఇంకాస్త కిందే ఉంటుంది, ఒక్కో చిప్‌కి ఒక్కోలా, వేడికీ మారుతుంది. "నాకు నేరుగా కలిపితే ఏళ్ల తరబడి పనిచేస్తోంది" అని కొందరు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ల స్ట్రిప్‌లో మొదటి ఎల్ఈడీ మంచిది దొరికింది, అంతే. మీకు దొరకలేదు.

ఇక షిఫ్టర్ పెట్టినప్పుడు. ఆ చిన్న మాడ్యూలులో ఒక్కో చానెల్‌కి ఒక బీఎస్‌ఎస్138 మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్), అటొకటి ఇటొకటి 10కె (10 కిలో ఓంల) పుల్-అప్ రెసిస్టర్లు, అంటే లైనుని సప్లైవైపు ఎత్తి ఉంచేవి, తప్ప ఇంకేమీ ఉండవు. లైనుని కిందికి లాగడం మాస్‌ఫెట్ పని, అది చురుగ్గానే లాగుతుంది. పైకి ఎత్తే పని చివరికి ఆ 10కె రెసిస్టర్ మీద పడుతుంది. ఈఎస్‌పీ32 హై పంపినప్పుడు 5 వోల్టుల వైపు సుమారు 2 వోల్టుల దాకా మాస్‌ఫెట్ గుండా గబుక్కున లేస్తుంది, అక్కడ మాస్‌ఫెట్ ఆఫ్ అయిపోతుంది, మిగతాది రెసిస్టర్ నెమ్మదిగా ఎక్కించాలి.

ఎంత నెమ్మది? వైరు, స్ట్రిప్ ఇన్‌పుట్, మాస్‌ఫెట్ అన్నీ కలిపి 50 పీకోఫారడ్‌లు అనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ 10కె × 50, అంటే 0.5 మైక్రోసెకను. 2 నుంచి 3.5 వోల్టులకి చేరడానికి దాదాపు 0.35 మైక్రోసెకను పడుతుంది. డబ్ల్యూఎస్2812బీ భాషలో "0" అంటే 0.4 మైక్రోసెకను హై, "1" అంటే 0.8 మైక్రోసెకను హై, అటూ ఇటూ 0.15 తేడా ఒప్పుకుంటుంది. ఇప్పుడు ప్రతి పల్సు నుంచీ 0.35 తీసేయండి. "0" పల్సు 0.05కి కుంచించుకుపోయి కనిపించకుండానే పోతుంది. "1" పల్సు 0.45 అవుతుంది, స్ట్రిప్ దాన్ని శుభ్రంగా "0" అని చదువుకుంటుంది! రంగులు తప్పడం కాదు, స్ట్రిప్ ఏదో ఒకటి చూపించడమే విశేషం. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఆ లైను మీద పెట్టి చూడండి, చతురస్రపు పల్సుల బదులు సొరచేప రెక్కల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి.

అందుకే స్ట్రిప్‌కి కావలసింది రెండు వైపులా బలంగా నెట్టే బఫర్. 74హెచ్‌సీటీ125లో నాలుగు బఫర్లుంటాయి. 14వ పిన్నుకి స్ట్రిప్‌కి ఇచ్చే 5 వోల్టులే, 7వ పిన్నుకి గ్రౌండ్, 1వ పిన్ను ఎనేబుల్, అది గ్రౌండ్‌కి. 2వ పిన్నుకి ఈఎస్‌పీ32 డేటా, 3వ పిన్ను నుంచి 330 ఓంల రెసిస్టర్ గుండా స్ట్రిప్‌కి. 7కీ 14కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ చిప్‌కి దగ్గరగా పెట్టండి. వాడని బఫర్ల ఇన్‌పుట్లు గాలిలో వదలకుండా గ్రౌండ్‌కి కట్టేయండి.

కొనేటప్పుడు "టీ" అక్షరం చూసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, 74హెచ్‌సీ125 చేతిలో పెట్టి రెండూ ఒకటే అనేవాళ్లు ఉంటారు. పిన్నులు ఒకటే, లాజిక్ ఒకటే, కానీ 5 వోల్టుల మీద హెచ్‌సీకి 3.5 కావాలి, మీరు బయల్దేరిన చోటికే వస్తారు. హెచ్‌సీటీ దొరక్కపోతే ఏహెచ్‌సీటీ తీసుకోండి, అదీ 2.0 వోల్టులకే హై అంటుంది. 74హెచ్‌సీటీ245 ఉన్నా ఫర్వాలేదు.

చిప్ వచ్చేదాకా ఆగలేనంటే ఒక ఉపాయం ఉంది. స్ట్రిప్ నుంచి ఒక్క ఎల్ఈడీ కత్తిరించి దానికి సప్లై 1ఎన్4007 డయోడ్ గుండా ఇవ్వండి. దానికి అందేది సుమారు 4.3 వోల్టులు, గీత 3.0కి దిగుతుంది, మీ 3.3 సరిపోతుంది. ఆ ఎల్ఈడీ తన అవుట్‌పుట్‌ని 4.3 దాకా ఎత్తి పంపుతుంది, పూర్తి 5 వోల్టుల మీదున్న మిగతా స్ట్రిప్‌కి అది చాలు. డెమో రోజుకి పనికొస్తుంది. పెట్టెలో బిగించి ఇంట్లో వదిలేసే వస్తువుకి నేనైతే చిప్పే పెడతాను.

ఎల్‌సీడీకి అదే మాడ్యూలు ఎందుకు సరిపోయింది

ఐ2సీలో ఎవరూ లైనుని పైకి నెట్టరు. లాగేవాళ్లే ఉంటారు, వదిలేస్తే పుల్-అప్ పైకి తీసుకెళ్తుంది. బీఎస్‌ఎస్138 సర్క్యూట్ పుట్టిందే ఈ పద్ధతి కోసం, ఫిలిప్స్ వాళ్లు 1990లలోనే అప్లికేషన్ నోట్‌గా ఇచ్చారు. గేటు 3.3కి, సోర్స్ 3.3 వైపు లైనుకి, డ్రెయిన్ 5 వైపు లైనుకి. ఇద్దరూ వదిలేసినప్పుడు గేటుకీ సోర్సుకీ మధ్య తేడా ఉండదు కాబట్టి మాస్‌ఫెట్ ఆఫ్, ఎవరి వోల్టేజీ వాళ్లకి. 3.3 వైపు కిందికి లాగితే మాస్‌ఫెట్ ఆన్ అయి అవతలివైపునీ లాగుతుంది. 5 వైపు లాగితే ముందు లోపలి బాడీ డయోడ్ గుండా సోర్స్ 0.7 దాకా దిగుతుంది, దాంతో మాస్‌ఫెట్ ఆన్ అయి మిగతాది లాగేస్తుంది. దిశ చెప్పే పిన్ను అక్కర్లేదు, రెండు వైపులా పనిచేస్తుంది.

మీ ఎల్‌సీడీ వెనక బోర్డులో ఉండేది పీసీఎఫ్8574 చిప్. దానికీ 0.7 వంతు నియమమే, అంటే 3.5. నేరుగా కలిపితే ఆ బోర్డు మీదున్న పుల్-అప్‌లు ఈఎస్‌పీ32 పిన్నుల్ని 5 వోల్టులవైపు లాగుతాయి. ఆ పుల్-అప్‌లు పీకేసి 3.3కి పెట్టుకుంటే పిన్నులకి ప్రమాదం పోతుంది కానీ 3.5 అందదు. ఎల్‌సీడీనే 3.3 మీద నడుపుదామంటే 5 వోల్టుల గాజుకి కాంట్రాస్టు రాదు, ఖాళీ తెర కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ మాడ్యూలు పెట్టడం చాదస్తం కాదు.

ఒక లెక్క మాత్రం చూసుకోవాలి. ఎల్‌సీడీ బోర్డు మీద సాధారణంగా 4.7కె పుల్-అప్‌లు, మాడ్యూలు మీద 10కె. రెండూ పక్కపక్కన చేరి 3.2కె అవుతాయి. లైను లాగేవాడు 5 వైపు నుంచి 1.6 మిల్లీఆంపులు, 3.3 వైపు నుంచి 0.3, మొత్తం రెండు లోపే మింగాలి. ఐ2సీ పరిమితి 3 కాబట్టి ఫర్వాలేదు. ఇదే బస్సు (ఐ2సీ వైర్ల జత) మీద ఆర్‌టీసీ (టైమ్ చెప్పే చిప్), ఇంకో సెన్సర్, ఇంకో డిస్‌ప్లే అంటూ పుల్-అప్‌లు ఉన్న బోర్డులు తగిలిస్తూ పోతే ఏదో ఒక రోజు పరిమితి దాటుతుంది. అప్పుడు కొన్ని బోర్డుల పుల్-అప్‌లు తీసేయాలి. స్పీడు 100 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. ఎల్‌సీడీకి అంతకంటే వేగం దండగ. 10కె పుల్-అప్‌తో 100 పీకోఫారడ్‌ల లైను లేవడానికి 0.85 మైక్రోసెకను పడుతుంది. 100 కిలోహెర్ట్జ్‌కి 1 మైక్రోసెకను దాకా ఒప్పుకుంటారు, 400కి 0.3 మాత్రమే.

బీఎస్‌ఎస్138 దొరక్క 2ఎన్7000తో ఇదే సర్క్యూట్ కట్టేవాళ్లున్నారు. దాని థ్రెషోల్డ్ (ఆన్ అవడం మొదలయ్యే గేటు వోల్టేజీ) 0.8 నుంచి 3 వోల్టుల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 3.3 గేటుతో ఒకటి పనిచేస్తుంది, ఇంకొకటి చేయదు. జోలికి వెళ్లకండి.

జీపీఐఓ12 బూట్ సమస్య

ఇదీ ఆ మాడ్యూలు పుల్-అప్ పుణ్యమే. ఈఎస్‌పీ32 లేచేటప్పుడు జీపీఐఓ12 మీద వోల్టేజీ చూసి ఫ్లాష్ మెమరీకి 3.3 ఇవ్వాలా 1.8 ఇవ్వాలా అని నిర్ణయించుకుంటుంది. లోపల సుమారు 45కె పుల్-డౌన్ ఉంటుంది కాబట్టి ఏమీ తగిలించకపోతే లో, ఫ్లాష్‌కి 3.3. మీరు మాడ్యూలు తగిలించగానే 10కె దాన్ని 2.7 వోల్టులకి ఎత్తేసింది. చిప్ హై అని చదివి 3.3 వోల్టుల ఫ్లాష్‌కి 1.8 ఇచ్చింది. అది ఎలా లేస్తుంది? ట్రిగర్‌ని జీపీఐఓ25, 26, 27లలో దేనికైనా మార్చండి. 0, 2, 15 పిన్నులకీ బూట్ సమయంలో ఇలాంటి బాధ్యతలున్నాయి, పుల్-అప్ ఉన్న ఏ మాడ్యూలైనా వాటికి తగిలించే ముందు ఆలోచించుకోండి. 34 నుంచి 39 దాకా ఇన్‌పుట్‌కి మాత్రమే పనికొస్తాయి, ఎకోకి 34 హాయిగా వాడుకోవచ్చు.

ఎకోకి రెండు రెసిస్టర్లు

ఎకో పిన్ను నుంచి 1కె, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2కె, మధ్య బిందువు ఈఎస్‌పీ32కి. 5 వోల్టులు 3.33 అవుతాయి. 2కె లేకపోతే 2.2కె పెట్టండి, 3.44 వస్తుంది, అదీ 3.6 లోపే. ఎకో పల్సులో ఒక సెంటీమీటరు అంటే 58 మైక్రోసెకన్లు, ఈ డివైడర్ కలిపే ఆలస్యం నానోసెకన్లలో ఉంటుంది, కొలతకి ఏమీ కాదు.

డివైడర్‌ని ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. ఎస్‌పీఐ లాంటి వేగమైన లైన్ల మీద 10కె, 20కె పెడితే 30 పీకోఫారడ్‌ల దగ్గరే అంచు లేవడానికి 0.4 మైక్రోసెకను దాటుతుంది. 115200 బాడ్ సీరియల్‌కి అది ఫర్వాలేదు, ఒక్కో బిట్టు 8.7 మైక్రోసెకన్లు. 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐకి అసలు కుదరదు, అక్కడ సగం క్లాక్ 0.06 మైక్రోసెకనే. అలాంటి చోట 5 నుంచి 3.3కి దింపాలంటే 3.3 సప్లై మీద నడుస్తూ 5 వోల్టుల ఇన్‌పుట్ తట్టుకునే 74ఎల్‌వీసీ సిరీస్ చిప్పులు వాడాలి. ఇంకో మాట, డివైడర్ ఒక దిశకే పనికొస్తుంది. ఐ2సీ లైను మీద పెట్టకండి.

3.3 వోల్టుల జీనర్ డయోడ్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అంత తక్కువ వోల్టేజీ జీనర్లు ఒక్కసారిగా పట్టుకోవు, కరెంటుని బట్టి జారుతూ ఉంటాయి. కాస్త తక్కువ కరెంటు ఇస్తే 2.5 దగ్గరే ఆగిపోయి మీ హైని మింగేస్తాయి. రెండు రెసిస్టర్ల ముందు దానికి ఏ గుణమూ ఎక్కువ లేదు.

"తట్టుకుంటుంది" అన్న మాట గురించి

ఈఎస్‌పీ32 డేటాషీటు పిన్ను మీద సప్లై కంటే 0.3 వోల్టులు మాత్రమే ఎక్కువ ఒప్పుకుంటుంది, అంటే 3.6. నేరుగా 5 ఇచ్చినా చాలాసార్లు వెంటనే కాలిపోదు, అది నిజమే, అందుకే ఈ మాట బతికి ఉంది. కానీ పిన్ను కాలడం ఒక్కటే నష్టం కాదు.

చాలా చిప్పుల్లో పిన్ను నుంచి సప్లై రైలుకి (చిప్‌కి పవర్ ఇచ్చే లైనుకి) ఒక క్లాంప్ డయోడ్ ఉంటుంది. పిన్ను మీద ఎక్కువ వోల్టేజీ వస్తే ఆ కరెంటు డయోడ్ గుండా 3.3 రైలులోకి పోతుంది. మామూలు రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదు గానీ వెనక్కి తీసుకోలేదు. బోర్డు మీద లోడు తక్కువుంటే రైలే పైకి లేస్తుంది.

నేను ఇండస్ట్రియల్ కంట్రోలర్ బోర్డులు చేస్తాను. ఒకసారి ఒక చిన్న యూనిట్ వాళ్లు ఎస్‌టీఎం32ఎఫ్103 బోర్డు తెచ్చారు, "యంత్రం తిరుగుతుంటే ఉష్ణోగ్రత తగ్గినట్టు చూపిస్తోంది" అన్నది ఫిర్యాదు. ఎల్‌ఎం35 సెన్సర్, వైరింగ్, ఫిల్టర్ అన్నీ బాగున్నాయి. అసలు సంగతి ఏమిటంటే, తిరుగుడు లెక్కపెట్టే 5 వోల్టుల సెన్సర్‌ని నేరుగా పీఏ1కి ఇచ్చారు. ఆ చిప్‌లో చాలా పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి, డేటాషీటు పిన్ టేబుల్లో వాటి పక్కన ఎఫ్‌టీ అని రాసి ఉంటుంది. పీఏ0 నుంచి పీఏ7 దాకా అది లేదు. సెన్సర్ హై అయినప్పుడల్లా 3.3 రైలు 3.6కి లేస్తోంది. ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) రిఫరెన్స్ అదే రైలు. 30 డిగ్రీలని 27.5 అని చదువుతోంది. కాలినది ఏదీ లేదు, చిప్ నిక్షేపంగా ఉంది, కొలత మాత్రం అబద్ధం. ఇలాంటి తప్పు పట్టుకోవడం కాలిన చిప్ పట్టుకోవడం కంటే చాలా కష్టం. మీ ట్యాంకు ప్రాజెక్టులో రేపు కరెంటు సెన్సర్ ఒకటి ఏడీసీకి కలిపారనుకోండి, ఇదే మీకూ ఎదురవుతుంది.

రిలే బోర్డు

ఆప్టోకప్లర్ (లోపలి ఎల్ఈడీ వెలుతురుతో సిగ్నల్ పంపే చిప్) ఉన్న ఆ నీలం రిలే బోర్డులు ఇన్‌పుట్ లో అయితే ఆన్ అవుతాయి. ఇన్‌పుట్ పిన్ను లోపల నుంచి 1కె, ఇండికేటర్ ఎల్ఈడీ, ఆప్టో ఎల్ఈడీ గుండా 5 వోల్టులకి కలిసి ఉంటుంది. మీ పిన్ను 3.3 హై ఇచ్చినా ఇంకా 1.7 వోల్టుల తేడా మిగులుతుంది. రెండు ఎల్ఈడీలూ వరుసలో ఉన్న బోర్డులో అది చాలదు కాబట్టి రిలే ఆఫ్ అవుతుంది. ఇండికేటర్ వేరేచోట ఉన్న బోర్డులో ఆప్టో సగం సగం వెలిగి రిలే వదలదు. మోటారు విషయంలో "వదలదు" అంటే ట్యాంకు పొంగి గోడలు తడవడమే.

బీసీ547 పెట్టండి. ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ రిలే బోర్డు ఇన్‌పుట్‌కి, బేస్‌కి 4.7కె గుండా ఈఎస్‌పీ32 పిన్ను, బేస్ నుంచి గ్రౌండ్‌కి 10కె. ఆప్టోకి రెండు మిల్లీఆంపులు చాలు, ఇది సులువుగా లాగుతుంది. లాజిక్ తిరగబడుతుంది, పిన్ను హై అయితే రిలే ఆన్. అది లాభమే, ఎందుకంటే ఈఎస్‌పీ32 బూట్ అవుతున్నంతసేపూ, హ్యాంగ్ అయి పిన్ను వదిలేసినా మోటారు ఆఫ్‌లోనే ఉంటుంది. చానెళ్లు ఎక్కువుంటే యూఎల్ఎన్2003 ఇదే పని ఏడింటికి చేస్తుంది. మోటారుని మాత్రం ఆ రిలే కాంటాక్టుల మీద నేరుగా నడపకండి. రిలేతో కాంటాక్టర్ (మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే) కాయిల్ నడపండి, మోటారుని కాంటాక్టర్ నడుపుతుంది. 10 ఆంపులని రాసి ఉన్నా మోటారు స్టార్టింగ్ కరెంటుకి ఆ చిన్న కాంటాక్టులు అతుక్కుపోతాయి.

ఎనిమిది చానెళ్ల టీఎక్స్‌బీ0108 బోర్డు చూసి "ఆటోమేటిక్ దిశ, అన్నిటికీ ఇదే" అనుకోకండి. దిశ కనిపెట్టడం కోసం దాని అవుట్‌పుట్ 4కె రెసిస్టర్ వెనక బలహీనంగా ఉంటుంది. లైను మీద 50కె కంటే తక్కువ పుల్-అప్ ఉంటే తికమకపడుతుంది, కాబట్టి ఐ2సీకి పనికిరాదు. చిన్న దూరంలో ఉన్న ఎస్‌పీఐకి బాగుంటుంది. ఐ2సీకి వేరే టీఎక్స్‌ఎస్ రకం ఉంది. ఆ ఒక్క అక్షరం తేడా చూడక బోలెడు టైమ్ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ట్యాంకు దాకా వెళ్లే కేబుల్

టేబుల్ మీద పనిచేసింది మేడ మీదికి వెళ్లాక మారుతుంది, ముందే చెప్పడం నయం. 15 మీటర్ల కేబుల్ అంటే దాదాపు 1000 పీకోఫారడ్‌లు. పాత పద్ధతిలో ట్రిగర్‌ని మాడ్యూలు గుండా పంపి ఉంటే 10కె × 1000 కలిసి టైమ్ కాన్‌స్టంటే 10 మైక్రోసెకన్లు అయ్యేది, సెన్సర్ కోరే ట్రిగర్ పల్సు వెడల్పు కూడా కనీసం 10 మైక్రోసెకన్లే. పల్సు దారిలోనే అరిగిపోయేది. ట్రిగర్‌కి ఏమీ అక్కర్లేదని పైన అన్నది దగ్గరి దూరానికి. కేబుల్ పొడుగైతే 74హెచ్‌సీటీ125లో మూడు బఫర్లు ఖాళీగానే ఉన్నాయి కదా, ఒకటి ట్రిగర్‌కి వాడేయండి, ప్రోగ్రాములో పల్సుని 20 మైక్రోసెకన్లు చేయండి. ఎకో డివైడర్‌ని ట్యాంకు దగ్గర కాకుండా ఈఎస్‌పీ32 పక్కనే పెట్టండి, దారంతా 5 వోల్టుల సిగ్నలే ప్రయాణిస్తుంది, మోటారు వైర్ల గోల తక్కువ అంటుతుంది.

హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ట్యాంకు తేమలో ఎక్కువ కాలం నిలవదు. జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అయితే సెన్సర్ తల నీటిని తట్టుకుంటుంది, అయితే సుమారు 20 సెంటీమీటర్ల లోపు ఉన్నది దానికి కనిపించదు, నిండు మట్టానికి అంత ఎత్తులో బిగించాలి. 5 వోల్టుల మీద నడిపితే దాని ఎకో కూడా 5 వోల్టులే, డివైడర్ అలాగే ఉంచండి. ఇంకా దూరమైతే ఆర్ఎస్485కి (పొడుగు కేబుళ్ల కోసం ఉన్న సీరియల్ పద్ధతికి) వెళ్లండి. అప్పుడు మ్యాక్స్485 కాకుండా 3.3 మీద నడిచే మ్యాక్స్3485 తీసుకుంటే లెవెల్ షిఫ్టింగ్ గొడవే ఉండదు.

వైరింగ్ మార్చాక ముందుగా అడాప్టర్ గ్రౌండ్, ఈఎస్‌పీ32 గ్రౌండ్ ఒకే చోట కలిశాయో లేదో చూడండి, అది లేకపోతే పైన చెప్పిన ఏ లెక్కా నిలవదు. తర్వాత అడాప్టర్ ఆన్‌లో ఉంచి, ఈఎస్‌పీ32 యూఎస్‌బీ పీకేసి, దాని 3.3 పిన్ను మీద మల్టీమీటర్ పెట్టండి. సున్నా దగ్గర్లో ఉండాలి. ఒక వోల్టు అటూ ఇటూగా కనిపిస్తోందంటే ఏదో ఒక వైరు నుంచి 5 వోల్టులు క్లాంప్ డయోడ్ల గుండా లోపలికి దూరుతున్నాయి. అలా సగం పవర్‌తో కూర్చున్న చిప్ మళ్లీ పవర్ ఇచ్చినప్పుడు సరిగ్గా రీసెట్ కాకపోవచ్చు. వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది తీస్తే మీటరు పడిపోతుందో దాన్ని చూడాలి. మీటరు సున్నాకి రాకపోతే ఏ వైరు దగ్గర ఎంత చూపించిందో రాయండి, చూస్తాను.